గ్రీకు విగ్రహం కొంటున్నారా? ముందు నన్నడగండి

మా కాలనీలో మొదటి గ్రీకు విగ్రహం దిగింది మా ఇంట్లోనే. ఆరేళ్ల కిందటి మాట. ఇవాళ ఏ విల్లాలోకి తొంగిచూసినా సోఫా పక్కన చేతుల్లేని ఆడమనిషో, టీవీ స్టాండు మీద మెడ వరకే ఉన్న గడ్డం పెద్దమనిషో దర్శనమిస్తారు. వాటిలో సగానికి పైగా నా సలహా మీద కొన్నవే. సలహాకు ఎవరి దగ్గరా కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. కొన్నాక వాళ్లెవరూ కాఫీకి పిలవడం లేదు. అది వేరే సంగతి.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. నోటును వేలికొసతో తడిమి మంచిదో దొంగదో చెప్పేవాణ్ణి. కాబట్టి నకళ్ల విషయంలో నా మాట నమ్మొచ్చు.

అన్నిటికంటే ముందు, అసలు విగ్రహాన్ని చూడకముందే నకలు కొనెయ్యండి. ఈ వరస తప్పితే మనసు విరిగిపోతుంది. మా వీనస్ అడుగున్నర ఉంటుంది. షోకేసు మీద పెట్టిన రోజున మహారాణిలా ఉంది. తర్వాత మా అబ్బాయి పారిస్ తీసుకెళ్లి లూవ్ర్ మ్యూజియంలో అసలు ఆవిణ్ణి చూపించాడు. రెండు మీటర్ల మీద నాలుగు సెంటీమీటర్లు. 1820లో మీలోస్ అనే గ్రీకు దీవిలో ఒక రైతు చేలో బయటపడిందట. రెండు రాళ్లు కలిపి చేశారు, తుంటి దగ్గర అతుకు జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశాను. ఇంటికొచ్చి షోకేసు వైపు చూస్తే మా వీనస్ కొబ్బరినూనె సీసాలా కనిపించింది. వారం రోజులు హాల్లోకి అడుగుపెట్టబుద్ధి కాలేదు. ముందే కొన్నాం కాబట్టి సరిపోయింది. చూశాక అయితే కొనేవాళ్లమే కాదు.

ఇక సరుకు సంగతి. అంగట్లో ‘మార్బుల్ సార్’ అని చూపించేది చాలావరకు పాలరాతి పొడి కలిపిన రెసిన్. ఇంకాస్త చవగ్గా కావాలంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే మన సీలింగుకి కొట్టే పీవోపీయే. నిలువెత్తు విగ్రహమైతే ఫైబర్, లోపల డొల్ల. తేడా పట్టడం తేలిక. అసలు రాయి మీద చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది, మన ఒంటి వేడిని గబుక్కున లాగేస్తుంది. రెసిన్ అలా కాదు, ప్లాస్టిక్ కుర్చీని ముట్టుకున్నట్టే ఉంటుంది. చంక కింద నుంచి చీలమండ దాకా సన్నగా గీత కనిపిస్తే అది అచ్చు అతుకు. అతుకు గోడ వైపు తిప్పేస్తే సరి.

చల్లదనానికి నేను కనిపెట్టిన ఉపాయం ఏసీ. అతిథులు వచ్చే గంట ముందు విగ్రహాన్ని ఏసీకి ఎదురుగా పెట్టి పద్దెనిమిదిలో నడపండి. వాళ్లు బెల్లు కొట్టేసరికి రెసిన్ కూడా మంచుగడ్డలా ఉంటుంది. గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముట్టించాలి. కాఫీలూ కబుర్లూ అయ్యాక ముట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. మా వియ్యంకుడు ఒకసారి భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా వచ్చి ముట్టుకున్నాడు. అప్పటి నుంచి పెళ్లిలో మేం పెట్టిన నగల్ని కూడా అనుమానంగానే చూస్తున్నాడు.

ఏథెన్స్ వెళ్లేవాళ్లకో హెచ్చరిక. ప్లాకాలో, మొనస్తిరాకి సందుల్లో దుకాణాల నిండా జానెడు దేవుళ్లు దొరుకుతారు, భయం లేదు. మ్యూజియం దుకాణాలతోనే జాగ్రత్త. అసలు విగ్రహాల నుంచి అచ్చు తీసి, ప్రభుత్వం తరఫున ధ్రువపత్రంతో అమ్మే నకళ్లు అక్కడుంటాయి. పనితనం ముచ్చటగా ఉంటుంది. అవి మాత్రం కొనకండి. ఆ కాగితం మీద ఇది నకలు అని స్పష్టంగా రాసి ముద్ర కొట్టి మరీ ఇస్తారు. డబ్బిచ్చి పరువు తీయించుకోవడం ఏం తెలివి?

పెద్ద విగ్రహాల్లో నేను గట్టిగా సిఫారసు చేసేది సామోత్రేస్ విజయదేవత. 1863లో ఆ దీవిలో ఫ్రెంచి వైస్ కాన్సల్ ఒకాయన ముక్కలు ముక్కలుగా తవ్వి తీయించాడు. తల లేదు, చేతుల్లేవు. ఉన్నవల్లా రెక్కలూ, సముద్రపు గాలికి ఒంటికి అతుక్కుపోయిన బట్టా. లూవ్ర్‌లో పెద్ద మెట్ల పైన, రాతి ఓడ ముక్కు మీద నిలబెట్టారు. ఓడతో కలిపి ఐదు మీటర్ల పైమాట. మన సీలింగు పదడుగులు. కాబట్టి ఓడ వదిలేసి మనిషిని మాత్రం తెచ్చుకున్నాం. గ్రీకులో ఆవిడ పేరు నీకే, అంటే విజయం. ఇంత డబ్బు పోసి ఎవరికోసం తెచ్చారని మా ఆవిడ నిలదీస్తే ‘నీకే’ అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో అబద్ధమాడకుండా గట్టెక్కింది ఆ ఒక్కసారే.

లూవ్ర్‌లో మెట్ల మీదుంది కదా అని మేమూ డూప్లెక్స్ మెట్ల మలుపులో పెట్టాం. మీరూ అక్కడే పెట్టండి. రెక్క దారిలోకి చొచ్చుకొస్తుంది, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ తలవంచి వెళ్లాల్సి వస్తుంది. దేవతకు ఆ మాత్రం మర్యాద ఉండాలి. బట్టల బుట్టతో దిగుతున్న మా పనావిడ కొంగు తగులుకుని ఒకరోజు కుడిరెక్క ఊడిపడి మూడు మెట్ల మీద ముక్కలైంది. మీకూ అవుతుంది. కంగారు పడకండి. లూవ్ర్‌లో ఉన్న కుడిరెక్క కూడా అసలుది కాదు, ఎడమరెక్కను అద్దంలో చూసినట్టు తిప్పి ప్లాస్టర్‌తో చేసుకున్నదే. నేనూ పీవోపీ పనివాణ్ణి పిలిపించి ఎడమరెక్క అచ్చు తీయించి పోయించాను. అద్దంలో తిప్పే సంగతి మాత్రం ఇద్దరం మర్చిపోయాం. మా నీకేకి ఇప్పుడు రెండూ ఎడమరెక్కలే. రెండేళ్లయింది, ఒక్కరూ కనిపెట్టలేదు. మా మనవడు మాత్రం ‘తాతా, ఈవిడ యూటర్న్ తీసుకుంటోందా?’ అన్నాడు.

‘డూప్లికేటా?’ అని ఎవరైనా మూతి విరిస్తే రోమన్ల పేరెత్తండి. గ్రీకులు తమ గొప్ప శిల్పాలు చాలా కంచులో పోశారు. కంచు అక్కరకొచ్చే లోహం, తర్వాతి వాళ్లు కరిగించేసుకున్నారు. గ్రీకు శిల్పం అని మనం ఇవాళ నోరు తెరుచుకు చూసేవాటిలో ఎన్నో రోమన్లు తోటలకీ స్నానశాలలకీ పాలరాతిలో చెక్కించుకున్న నకళ్లే. మన దగ్గరున్నది నకలుకి నకలు. అసలు లేనప్పుడు నకలు అన్న మాటకు అర్థమేముంది? దొంగనోటు విషయంలో ఈ వాదన పనికిరాదని మా పాత మేనేజరు అన్నాడు గానీ ఆయనకు కళల సంగతి తెలియదు.

కొనుగోలులో మనం పడే బాధలు రోమన్ వక్త సిసిరో అంతటివాడూ పడ్డాడు. గాలస్ అనే స్నేహితుడు ఆయన కోసం విగ్రహాలు కొంటే, తీరా చూస్తే తాగి చిందులేసే బాకస్ భక్తురాళ్లు, పైగా యుద్ధదేవుడు మార్స్. సరస్వతీదేవి లాంటి మ్యూజ్‌లైతే పుస్తకాల గదిలో పెట్టుకునేవాణ్ణి, వీళ్లనెక్కడ పెట్టను, శాంతి శాంతి అని తిరిగే నాకు యుద్ధదేవుడెందుకు అని సిసిరో ఉత్తరం రాశాడు. ధర గురించీ ఏడ్చాడు. ఆర్డరు పెట్టిందొకటి వచ్చిందొకటి అని మనవాళ్లు ఇవాళేదో కొత్తగా బాధపడిపోతుంటారు.

ఈ రంగంలో నేను గురువులుగా భావించేవాళ్లు ఇద్దరు. మొదటివాడు మమ్మియస్ అనే రోమన్ సేనాని. క్రీస్తుపూర్వం 146లో కొరింథు నగరాన్ని దోచి, పాత శిల్పాలన్నీ ఓడలకెత్తిస్తూ, దారిలో ఏదైనా పోతే మీ ఖర్చుతో కొత్తది చేయించి ఇవ్వాలి అని రవాణావాళ్లకు హెచ్చరిక చేశాడట. చదువుకున్నవాళ్లు దీనికి రెండువేల ఏళ్లుగా నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతారో నాకు బోధపడదు. పోయినదానికి బదులు కొత్తది అడగడం కొన్నవాడి హక్కు. రెండోవాడు వింకెల్‌మాన్ అనే జర్మన్ పండితుడు. ఒక్కసారి కూడా గ్రీసు గడ్డ మీద కాలు పెట్టకుండా, ఎక్కువగా రోమ్‌లో ఉన్న నకళ్లనే చూసి, 1764లో ప్రాచీన కళ మీద మహాగ్రంథం అచ్చేశాడు. ఐరోపా అంతా ఆయన మాటే వేదమంది. నాకు సలహాలివ్వడానికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు?

మన హైదరాబాదుకీ ఈ సరదా కొత్తేమీ కాదు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ నుంచి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కాను తెచ్చుకున్నాడు. ఆవిడ గ్రీకూ కాదు, విరగనూ లేదు. అయినా మ్యూజియంలో జనం ఆవిడ ముందు ఎలా గుమిగూడతారో చూడండి. అదే ఒక చెయ్యి విరిగి ఉంటే ఇంకెంత పేరొచ్చేదో.

మనవాళ్ల చేతే చేయించుకోవాలనుకుంటే తెనాలి ఉండనే ఉంది. కూడళ్లలో నిలబడే నాయకుల విగ్రహాలకు పేరుమోసిన ఊరు. మైరాన్ అనే గ్రీకు శిల్పి చేసిన డిస్కు విసిరేవాణ్ణి నిలువెత్తున ఫైబర్‌లో చేయించుకుందామని ఫోటో పట్టుకుని వెళ్లాను. శిల్పి ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీ నాన్నగారాండీ?”

“కాదండీ.”

“పోయి ఎన్నాళ్లయింది?”

“రెండువేల అయిదొందల ఏళ్లు.”

“అయితే ఎదురుగా తీసిన ఫోటో దొరకదు” అని తనలో తాను అనుకుని, “చొక్కా వద్దాండీ? పోనీ కండువా?” అన్నాడు.

రెండూ వద్దన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత మొద్దు దగ్గర పేచీ వచ్చింది. ఫోటోలో ఆటగాడి కాలి వెనక ఒక చెట్టుమొద్దు ఉంటుంది. మైరాన్ కంచులో పోశాడు, కంచుకు ఊతం అక్కర్లేదు. రోమన్లు పాలరాతిలో నకలు తీసేటప్పుడు అంత బరువు ఆ సన్నటి చీలమండల మీద నిలవదు కాబట్టి పక్కన మొద్దు చెక్కి కాలికి అతికించారు. ‘మనది ఫైబరండీ, లోపల ఇనుపరాడ్డు వేస్తాను, ఆ దిమ్మె తీసేద్దాం, మనిషి గాల్లో తేలినట్టుంటాడు’ అన్నాడు శిల్పి. ససేమిరా అన్నాను. ఆ మొద్దు ఉంటేనే చూసినవాళ్లకు ప్రాచీన శిల్పం అని తెలుస్తుంది. చివరికి మొద్దుకే విడిగా డబ్బు కట్టాను. ఇప్పుడు దాని మీద మా ఆవిడ గోనెపట్టాలు ఆరేస్తుంది.

విగ్రహం చక్కగా వచ్చింది. ముఖం మాత్రం చేతి అలవాటు కొద్దీ ఎవరో తెలిసిన నాయకుడిలా తేలింది. గేటు పక్కన పెట్టాం. ఎన్నికల కోడ్ వచ్చిన మర్నాడే ఇద్దరు మనుషులు వచ్చి తలకు ముసుగేసి, తాడుతో కట్టి వెళ్లారు. మెడ కూడా వెనక్కి డిస్కు వైపు తిరగాల్సింది నేల వైపు వాలింది. దానికి దిగులు పడలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నదానికీ తల అతికించేటప్పుడు అలాగే తప్పుగా పెట్టారు.

ఇప్పుడు అసలు గండం. విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదని మనవాళ్ల నమ్మకం. గ్రీకు విగ్రహాల్లో విరగనిది దొరకడం కష్టం. దీనికి నేను చెప్పే సమాధానం ఇది: విరిగింది లూవ్ర్‌లో ఉన్నావిడ చెయ్యి. దోషం ఉంటే గింటే ఫ్రాన్సుకి. మన వీనస్ అచ్చులోంచి పుట్టడమే చేతుల్లేకుండా పుట్టింది. లేని చెయ్యి విరగడమెలా సాధ్యం? మా వాస్తు సిద్ధాంతి పదిహేను నిమిషాలు ఆలోచించి, నైరుతిలో పెట్టుకోమని చెప్పి, మామూలు కంటే ఎక్కువ పుచ్చుకుని వెళ్లాడు. మా బావమరిదైతే విరగడాన్నే లాభం చేసుకున్నాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన నీకేని ఫోటో తీసి, తల లేదు, చేతుల్లేవు, దారిలో విరిగిపోయింది అని కంప్లయింటు పెట్టాడు. మూడో రోజున డబ్బు వెనక్కొచ్చింది, క్షమాపణతో సహా. ఈ చిట్కా మీరు వాడాలనుకుంటే ఒక్కో ఫోన్ నంబరుకి ఒక్కసారే పనిచేస్తుంది.

నిజంగానే ఇంట్లో చెయ్యి ఊడితే మాత్రం తొందరపడి అతికించొద్దు. లావోకూన్ విగ్రహం 1506 జనవరిలో రోమ్‌లో ఒక ద్రాక్షతోటలో దొరికింది. పాములు చుట్టుకున్న తండ్రి, ఇద్దరు కొడుకులు. మైకెలాంజెలో కూడా వెళ్లి చూశాడు. తండ్రి కుడిచెయ్యి లేదు. తర్వాత ఒక శిల్పి పైకి చాచిన చెయ్యి చేసి పెట్టాడు. ఎంత వీరోచితంగా ఉందో అని తరాల తరబడి జనం మెచ్చుకున్నారు. 1906లో లుడ్విగ్ పోలాక్ అనే ఆయనకు రోమ్‌లోనే రాతిపనివాళ్ల పెరట్లో మోచేతి దగ్గర వెనక్కి మడిచిన పాత చెయ్యి కనిపించింది. అదే అసలు చెయ్యి అని ఒప్పుకుని 1950ల చివర్లో తెచ్చి అతికించారు. అంటే నాలుగొందల ఏళ్లు ఆగితే ఊడిన చెయ్యి దానంతటదే దొరుకుతుంది. మా అపోలో వేలు ఊడి ఏడాదే అయింది. సోఫా కింద వెతకడం మానేశాను.

బట్టల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రాక్సిటెలీస్ అనే గ్రీకు శిల్పి రెండు ఆఫ్రొడైటీలు (గ్రీకులో వీనస్ పేరు అదే) చేశాడు, ఒకటి బట్టలతో, ఒకటి లేకుండా. కోస్ ఊరివాళ్లు మర్యాదస్తులు కాబట్టి బట్టలున్నది కొనుక్కుపోయారు. మిగిలినది క్నిడోస్ వాళ్లు తీసుకున్నారు. అది చూడ్డానికి సముద్రాలు దాటి జనం వచ్చారు. ఒక రాజుగారైతే ఆ విగ్రహం ఇస్తే ఊరి అప్పంతా తీర్చేస్తానన్నాడు. వాళ్లు ఇవ్వలేదు. బ్యాంకువాణ్ణి కదా, ఈ ముక్క చదివి రెండు రాత్రులు నిద్రపట్టలేదు. వాటికన్‌లో ఉన్న దాని నకలుకి 1932 దాకా నడుం కింద రేకుతో చేసిన చీర తొడిగి ఉంచారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవాళ్లు, గ్రీకువాడు కాకపోయినా, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ ప్లాస్టర్ నకలుకి మూరెడు అత్తి ఆకు చేయించి, రాజకుటుంబపు ఆడవాళ్లు వచ్చినప్పుడు రెండు కొక్కేలకు తగిలించేవాళ్లు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి తువాలు కట్టాం. పురోహితుడు గారు కథ చదివినంతసేపూ ఆ తువాలు వైపే చూశారు. అప్పటిదాకా ఆయన అక్కడ విగ్రహం ఉందనే గమనించలేదు.

బాల్కనీలో పెట్టకండి అని అందరూ అంటారు. నేను పెట్టమంటాను. పావురాలకే విగ్రహాల విలువ తెలుసు. గ్రీకులు పిట్టల రెట్ట పడకుండా విగ్రహాల తలల మీద లోహపు బిళ్లలు అమర్చేవారు. మీరు స్టీలు పళ్లెం బోర్లిస్తే చాలు. పీవోపీ విగ్రహమైతే రెండు వానలకు పెచ్చులూడి మెత్తబడుతుంది. మూడో వానకు ఇంకా ప్రాచీనంగా ఉంటుంది.

ఇక రంగు. దీని మీద నేను రాజీ పడను. గ్రీకు విగ్రహం అంటే తెల్లగా ఉండాలి. కాదని చెప్పేవాళ్లు బయల్దేరారు. బ్రింక్‌మాన్ అనే జర్మన్ పరిశోధకుడు రాతి మీద మిగిలిన రంగు జాడలు వెతికి, ఎరుపు, నీలం, పసుపు పూసిన నమూనాలు చేయించి 2003 నుంచి ఊరూరా ప్రదర్శనలు పెడుతున్నాడు. చూస్తే మన ఊరి గాలిగోపురం మీది బొమ్మల్లా ఉన్నాయి. గళ్ల పైజామా వేసుకుని బాణం వేసే మనిషి! పాత పుస్తకాల్లోనూ ఉందట, నీ శిల్పాల్లో నీకేది ఇష్టం అని అడిగితే ప్రాక్సిటెలీస్, నికియాస్ రంగు వేసినవి అన్నాడట. చేసినవాడి అభిరుచి మనకెందుకు? 1930ల చివర్లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను రాగి పనిముట్లతో గీకి, గరుకుపొడితో రుద్ది తెల్లబరిచారు. తర్వాత గొడవైంది గానీ ఉద్దేశం మంచిదే.

మా ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క అసలు పాలరాతి తల సోక్రటీస్‌ది. దాన్ని మా పనావిడ ఇత్తడి సామానుతో కలిపి చింతపండు పెట్టి తోమింది. పాలరాయికి పులుపు పడదు, పైపొర తినేస్తుంది. నునుపు పోయింది, ముక్కుకొస మొద్దుబారింది. తిట్టబోయి ఆగాను. సోక్రటీస్‌ది చప్పిడి ముక్కే అని ఆయన శిష్యులే రాసిపెట్టారు. ఇప్పుడు పోలిక బాగా కుదిరింది. వారానికోసారి చింతపండు, నెలకోసారి నిమ్మకాయ వాడమని చెప్పాను.

నా తెల్లదనానికి శత్రువు ఇంట్లోనే ఉంది. మా అమ్మ. ఎనభై నాలుగేళ్లు. గుంటూరు జిల్లా పల్లెలో ఇల్లు అమ్మేసి మా దగ్గరికొచ్చింది. వచ్చిన రెండో రోజున షోకేసు ముందు నిలబడి కళ్లజోడు సర్దుకుని వీనస్‌ను పరీక్షగా చూసింది.

“అబ్బాయ్, ఈ పిల్లకి చెవులు బోసిగా ఉన్నాయిరా.”

అలాగే ఉండాలమ్మా అన్నాను. లూవ్ర్‌లో ఉన్నావిడకు నగలు తగిలించడానికి రంధ్రాలున్నాయి, ఒకప్పుడు కమ్మలూ దండకడియమూ పెట్టుకునేదట. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. చెప్పకపోయినా సాయంత్రానికి మా మనవరాలి పాత కమ్మలు మైనంతో అంటించేసింది. మర్నాడు కళ్లకు కాటుక. గుడ్డికళ్ల బొమ్మ ఇంట్లో ఏంట్రా అంది. డెల్ఫీలో 1896లో దొరికిన కంచు రథసారథికి పొదిగిన కళ్లు ఇప్పటికీ ఉన్నాయి, కనురెప్పల వెంట్రుకలతో సహా. ఉంటే ఉండనీ, మ్యూజియం నకళ్లకు ఉండవు.

శుక్రవారం తలంటి పోసింది. నువ్వులనూనె రాసి, గుడ్డతో ఒత్తి, గుడ్డపేలికతో చీర కట్టి, బొట్టు పెట్టింది. నేను చూసేసరికి వీనస్ పేరంటానికి బయల్దేరిన కొత్తకోడలిలా ఉంది. కేకలేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ వెంటనే కేకలెయ్యండి, లేకపోతే చెయ్యి దాటిపోతుంది.

ఏథెన్స్‌వాళ్లూ ఇదే చేసేవారని మా అబ్బాయి ఫోన్లో వాదించాడు. నిజమే. కొండమీది ఎథీనాదేవి పాత చెక్క విగ్రహానికి ఆ ఊరి ఆడవాళ్లు చీర నేసి పండగకు సమర్పించేవారు. ఏడాదికోసారి నగలూ బట్టలూ తీసి, అమ్మవారికి ముసుగు కప్పి, బట్టలు ఉతికేవారు. ఆ రోజు ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు, మన అమావాస్య లాగా. ఆల్సిబయడీస్ అనే సేనాని చాలా ఏళ్ల తర్వాత సరిగ్గా ఆ రోజునే ఊళ్లో అడుగుపెడితే ఇది అచ్చిరాదని జనం గుసగుసలాడారు. ఒలింపియాలో జ్యూస్‌కి ఆలివ్ నూనె పట్టించేవారు, ఆ విగ్రహాన్ని శుభ్రం చేసే మిరాశీ దాన్ని చెక్కిన ఫీడియస్ వంశానిది. డీలోస్ దీవి గుడి లెక్కల్లో దేవతల విగ్రహాల అలంకరణకు స్పాంజి ఇంత, నూనె ఇంత, మైనం ఇంత, నారబట్ట ఇంత, గులాబీ అత్తరు ఇంత అని పద్దులు రాసి ఉన్నాయి. పద్దులు చూస్తే నాకు గౌరవమే. కానీ అదంతా ఆ అజ్ఞానపు రోజుల్లో. మనం కొన్నది వాళ్లు పూజించిన విగ్రహాన్ని కాదు, మ్యూజియంలో ఉన్న విగ్రహాన్ని. తేడా అమ్మకు ఎంత చెప్పినా అర్థం కాదు.

మొన్న శ్రావణ శుక్రవారం నాడు అడిగింది. “ఇంతకీ ఈ తల్లి పేరేంట్రా?”

ఆఫ్రొడైటీ అన్నాను. నోరు తిరగలేదు. ఎవరి కూతురంది. ఎవరి కూతురూ కాదమ్మా, సముద్రపు నురగలోంచి పుట్టిందని వాళ్ల కథ అన్నాను.

“సముద్రంలోనా?” అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ముందే చెప్పొద్దూ! లక్ష్మీదేవేగా.” కాసేపు ఆ తెగిన భుజాల వైపు చూసి, “పాపం, ఇవ్వడానికి చేతుల్లేవు. మనమే పెట్టాలి” అంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే వీనస్ పాదాల దగ్గర బెల్లంముక్క, చక్కెరపొంగలి చేసిన రోజున చెంచాడు పొంగలి. నేను వద్దనడం మానేశాను. మీ ఇంట్లోనూ ఇలా జరిగితే ఇబ్బంది చీమలతోనే. షోకేసు కాళ్ల దగ్గర నుంచి బారుగా ఎక్కి, మడమ మీదుగా చీర మడతల్లోకి దూరతాయి. స్ప్రే కొట్టకండి, రెసిన్ మీద మరకలు పడతాయి. చీమల చాక్‌పీసు తెచ్చి దిమ్మె చుట్టూ గీత గీయండి. తెల్లగా ఉంటుంది, విగ్రహానికి మ్యాచింగ్.